విండోస్ 7 ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లోనే అప్‌డేట్లు కలిపేయడం ఎలా?

పాతడిస్క్:

అందరికీ నమస్తే. నా దగ్గర విండోస్ 7 ప్రొఫెషనల్, 64 బిట్, సర్వీస్ ప్యాక్ 1 ఉన్న ఒరిజినల్ డీవీడీ ఉంది. ఈ రోజుల్లో 7 ఎందుకయ్యా అని అడక్కండి, ఒక పాత ఫిల్మ్ స్కానర్ ఉంది, దాని సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత వచ్చిన ఏ విండోస్‌లోనూ నడవదు, తయారీదారు డ్రైవర్ ఇవ్వడం ఎప్పుడో మానేశాడు, స్కానర్ మాత్రం రాయిలా ఉంది.

సమస్య ఏంటంటే ఓఎస్ ఇన్‌స్టాల్ అవుతుంది, ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ నొక్కితే "చెకింగ్ ఫర్ అప్‌డేట్స్" అని పచ్చ గీత అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ఎస్‌వీసీహోస్ట్ అనే విండోస్ సొంత ప్రోగ్రామ్ ఒకటి ప్రాసెసర్‌లో ఒక కోర్ మొత్తం మింగేసి కూర్చుంటుంది, చివరికి ఎర్రర్. ఒక్కో అప్‌డేట్ చేత్తో దింపి పెడదామంటే వందల్లో ఉన్నాయి, రెండు మెషిన్లకు చేయాలి. ఒకటి పాతదే, డీవీడీ డ్రైవ్ ఉంది. రెండోది కాస్త కొత్తది, ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్ బోర్డు, సాటా ఎస్ఎస్‌డీ, డీవీడీ డ్రైవ్ లేదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే భాష ఎంచుకునే మొదటి స్క్రీన్ వరకు వస్తుంది, అక్కడ మౌస్ కదలదు, కీబోర్డు పలకదు.

అప్‌డేట్లు, డ్రైవర్లు అన్నీ ముందే డిస్క్ ఇమేజ్‌లో కలిపేసి ఒకే పెన్‌డ్రైవ్‌తో రెండిటికీ పని కానిచ్చేయాలని ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో ఎన్‌లైట్ అనే టూల్‌తో ఇలా చేసేవాళ్లం కదా, దీనికి దారేంటి? ఏ అప్‌డేట్లు కలపాలి, ఏ వరసలో? పని చేసుకోవడానికి విండోస్ 10 ఉన్న మెషిన్ వేరే ఉంది. వీలైతే బయటి టూల్స్ లేకుండా చేయాలని.

ఇమేజ్_మేస్త్రి:

అప్‌డేట్లు కలపడానికి బయటి టూల్ ఏదీ అక్కర్లేదు, మీ విండోస్ 10లోనే ఉన్న డిస్మ్ (విండోస్ ఇమేజ్‌లను తెరిచి మార్చే కమాండ్) చాలు, అది 7 ఇమేజ్‌ని కూడా తెరుస్తుంది. మీ డీవీడీలో సర్వీస్ ప్యాక్ 1 ముందే ఉండటం సగం అదృష్టం. ఎందుకంటే సర్వీస్ ప్యాక్ లేని మొదటి 7 ఇమేజ్‌లోకి డిస్మ్‌తో ఆఫ్‌లైన్‌లో, అంటే ఆ విండోస్‌ని నడపకుండానే, ఎస్‌పీ1 (సర్వీస్ ప్యాక్ 1) కలపడం కుదరదు. ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ ఫైలుకు ఇంటిగ్రేట్ అనే స్విచ్ ఇస్తే అయిపోయేది, విస్టా నుంచి ఆ సౌకర్యం పోయింది.

ముందు ఆ పచ్చ గీత సంగతి. 2019లో మైక్రోసాఫ్ట్ 7 అప్‌డేట్ల సంతకాలను (ఫైల్ అసలైనదే అని రుజువు చేసే డిజిటల్ గుర్తులు) షా-1 పద్ధతి నుంచి షా-2కి మార్చింది, 2020 ఆగస్టులో పాత షా-1 సర్వర్ మార్గాలు మూసేసింది. మీ డీవీడీ 2011 నాటి సరుకు, దానికి షా-2 సంతకం చదవడం రాదు. అంటే ఉత్త ఎస్‌పీ1 పెట్టి విండోస్ అప్‌డేట్ నొక్కితే అవతలివైపు పలికేవాడే లేడు. ఎంతసేపు కూర్చున్నా దండగ.

ఇక వందల అప్‌డేట్లు అవసరం లేదు. ఇదే అందరూ తప్పుదారి పట్టే చోటు, దొరికిన కేబీ ఫైలల్లా (కేబీ అంటే ప్రతి అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే నంబర్) ఒక ఫోల్డర్‌లో కుక్కి, ఆ ఫోల్డర్‌ని డిస్మ్‌కి చూపించి, తెల్లారేసరికి ఎర్రర్ల జాబితా చదువుకుంటారు. ఆరంటే ఆరు ఫైళ్లు, ఈ వరసలో, ఒక్కొక్కటీ విడిగా ఇవ్వండి: మొదట కేబీ 3020369, ఇది 2015 ఏప్రిల్ సర్వీసింగ్ స్టాక్, అంటే అప్‌డేట్లను ఎక్కించే విండోస్ భాగానికే అప్‌డేట్. అది ఉంటేనే కేబీ 3125574 ఎక్కుతుంది. ఇదే 2016 మేలో వచ్చిన కన్వీనియన్స్ రోలప్ (చాలా అప్‌డేట్ల ఒకే మూట), ఎస్‌పీ1 తర్వాత 2016 ఏప్రిల్ దాకా వచ్చిన వాటిలో చాలావరకు ఇందులోనే ఉంటాయి, జనం సరదాగా ఎస్‌పీ2 అని పిలిచేది దీన్నే. తర్వాత షా-2 కోసం కేబీ 4474419, కేటలాగ్‌లో దీనికి మూడు వెర్షన్లు కనిపించొచ్చు, 2019 సెప్టెంబర్‌లో వచ్చిన మూడోది తీసుకోండి. దాని వెంట కేబీ 4490628, అది 2019 మార్చి సర్వీసింగ్ స్టాక్. ఆ తర్వాత 2020 జనవరి సర్వీసింగ్ స్టాక్, కేబీ 4536952. చివర్న కేబీ 4534310, 2020 జనవరి 14 మంత్లీ రోలప్, అంటే అందరికీ ఉచితంగా వచ్చిన ఆఖరి నెల రోలప్. 2016 అక్టోబర్ నుంచి మంత్లీ రోలప్‌లు క్యుములేటివ్, అంటే ప్రతిదాంట్లో ముందు నెలలవీ ఉంటాయి కాబట్టి మధ్యలో నెలలన్నీ వదిలేయొచ్చు.

అన్నీ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైట్‌లోనే నంబర్ కొట్టి వెతుక్కోండి, వేరే సైట్ల జోలికి పోకండి. ఎక్స్64 (64 బిట్) అని ఉన్న ఫైలే దింపాలి. 32 బిట్ ఫైల్ ఇస్తే "ఈ ప్యాకేజీ ఈ ఇమేజ్‌కి వర్తించదు" అంటుంది, 3020369 లేకుండా 3125574 ఇచ్చినా అదే మాట అంటుంది, చూసేవాళ్లకి ఫైల్ పాడైందేమో అనిపిస్తుంది.

పని ఇలా. డీవీడీ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. లోపల సోర్సెస్ అనే ఫోల్డర్‌లో రెండు ముఖ్యమైన ఫైళ్లుంటాయి. ఇన్‌స్టాల్.విమ్ అంటే చివరికి మీ సీ డ్రైవ్‌లోకి దిగే విండోస్. బూట్.విమ్ అంటే పెన్‌డ్రైవ్ నుంచి లేచి ఆ ఇన్‌స్టాలేషన్ స్క్రీన్లు చూపించే చిన్న విండోస్. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిస్మ్‌కి గెట్-విమ్ఇన్ఫో ఇచ్చి ఇన్‌స్టాల్.విమ్ చూపిస్తే లోపల ఏయే ఎడిషన్లు ఏ ఇండెక్స్ నంబర్‌లో ఉన్నాయో చెప్తుంది. మీకు ప్రొఫెషనల్ ఒక్కటే కావాలి కదా, ఆ ఒక్క ఇండెక్స్‌నే ఎక్స్‌పోర్ట్-ఇమేజ్‌తో వేరే విమ్ ఫైల్‌గా తీసుకోండి, లేకపోతే ప్రతి ఎడిషన్‌కీ ఇదే పని మళ్లీ మళ్లీ చేయాలి. తర్వాత సీ డ్రైవ్ మొదట్లోనే మౌంట్ అనే ఖాళీ ఫోల్డర్ పెట్టి, మౌంట్-విమ్‌తో దాన్ని అందులోకి తెరవండి. పైన చెప్పిన ఆరు ఫైళ్లనీ యాడ్-ప్యాకేజ్‌తో ఒకటి అయ్యాక ఒకటి ఇవ్వండి. కన్వీనియన్స్ రోలప్ దగ్గర శాతం గీత కదలకుండా నిలబడిపోయినట్టు ఉంటుంది, ఆగిపోయిందని విండో మూసేయకండి. అన్నీ అయ్యాక గెట్-ప్యాకేజెస్‌తో ఒకసారి చూసుకుని, అన్‌మౌంట్-విమ్‌కి కమిట్ జోడించి మూసేయండి. కమిట్ మర్చిపోయి డిస్కార్డ్ ఇస్తే చేసినదంతా గంగలో కలిసినట్టే.

ఇంకో మాట. కన్వీనియన్స్ రోలప్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 ఉండదు, డాట్‌నెట్ ఉండదు. ఎక్స్‌ప్లోరర్‌ని కలపొచ్చు కానీ దాని ముందు ఇంకొన్ని అప్‌డేట్లు పడాలి, అదీ ఆఖరి రోలప్‌కి ముందే పడాలి. స్కానర్ మెషిన్‌కి బ్రౌజర్ ఎందుకని నా ప్రశ్న. డాట్‌నెట్ 4.8 మాత్రం ఇలా ఆఫ్‌లైన్‌లో కలవదు, ఇన్‌స్టాల్ అయ్యాక సెటప్ ఫైల్ నడపాల్సిందే.

నీలితెర:

మేస్త్రి గారు అప్‌డేట్ల సంగతి చెప్పారు కాబట్టి ఆ కీబోర్డు, మౌస్ సంగతి నేను చెప్తాను, మీకు అసలు అడ్డంకి అదే.

విండోస్ 7కి యూఎస్‌బీ 3.0 కంట్రోలర్ డ్రైవర్ సొంతంగా లేదు. పాత బోర్డుల్లో యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ విడిగా ఉండేది కాబట్టి తెలిసేది కాదు, 100 సిరీస్‌లో ఇంటెల్ దాన్ని తీసేసింది, పోర్టులన్నీ ఎక్స్‌హెచ్‌సీఐ, అంటే యూఎస్‌బీ 3.0 కంట్రోలర్ మీదే నడుస్తాయి. బయోస్‌లో కీబోర్డు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ బోర్డే చూసుకుంటుంది. సెటప్ లేచిన క్షణం ఆ పట్టు విండోస్ చేతికి వెళ్తుంది, దానికి డ్రైవర్ తెలీదు, అంతే. కీబోర్డు, మౌస్ ఎలాగోలా పలికిన బోర్డుల్లో కూడా తర్వాతి స్క్రీన్‌లో "సీడీ/డీవీడీ డ్రైవ్‌కి అవసరమైన డ్రైవర్ లేదు" అని అడుగుతుంది, డీవీడీ డ్రైవే లేని మెషిన్‌లో ఈ మాటేంట్రా అని జుట్టు పీక్కుంటాం. అది అడిగేది డీవీడీ గురించి కాదు, పెన్‌డ్రైవ్ కనిపించట్లేదని దాని గోల.

కాబట్టి ఇంటెల్ యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టెన్సిబుల్ హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్, 7 కోసం వచ్చినది, తీసుకుని విప్పండి. ఐఎన్ఎఫ్, సిస్ ఫైళ్లు విడిగా కనిపించాలి, ఈఎక్స్‌ఈని డిస్మ్‌కి ఇస్తే తీసుకోదు. ఆ ఫోల్డర్‌ని యాడ్-డ్రైవర్‌తో, రికర్స్ స్విచ్ పెట్టి కలపండి. ఎక్కడ కలపాలి అన్నదే ముఖ్యం. బూట్.విమ్‌లో రెండు ఇండెక్సులుంటాయి, రెండోది సెటప్, అందులో తప్పనిసరి. మొదటి దాంట్లో కూడా వేసేయండి, పోయేదేం లేదు. ఇన్‌స్టాల్.విమ్‌లో కూడా వేయాలి. బూట్.విమ్‌లో మాత్రమే వేస్తే ఇన్‌స్టాలేషన్ అంతా సాఫీగా అయిపోతుంది, రీస్టార్ట్ అయి యూజర్ పేరు టైప్ చేయమనే స్క్రీన్ వస్తుంది, అక్కడ కర్సర్ మినుకు మినుకుమంటూ ఉంటుంది, కీబోర్డు మళ్లీ చచ్చిపోయి ఉంటుంది.

డ్రైవర్ ఎంత కొత్తదైతే అంత మంచిదనుకోకండి. బూట్.విమ్‌కి షా-2 తెలియదు, షా-2 సంతకం మాత్రమే ఉన్న డ్రైవర్ ఇస్తే 64 బిట్ సెటప్ దాన్ని లోడ్ చేయదు. రెండు సంతకాలూ ఉన్న కాస్త పాత వెర్షన్ వాడండి, లేదా కేబీ 4474419ని బూట్.విమ్‌లోకి కూడా ఎక్కించండి. మిగతా అప్‌డేట్లు బూట్.విమ్‌కి అక్కర్లేదు.

ఎస్ఎస్‌డీ సాటా అన్నారు కాబట్టి బతికిపోయారు, సాటా డిస్కులు నడిపే ఏహెచ్‌సీఐ డ్రైవర్ 7లో ఉంది. ఎన్‌వీఎంఈ (సాటా కాని కొత్త రకం ఎస్ఎస్‌డీ) అయితే కేబీ 2990941, దాని వెంటే కేబీ 3087873, రెండు విమ్‌లలోనూ పడాలి.

సేఫ్‌మోడ్_సుబ్బు:

ఇంత కష్టం ఎందుకు బ్రో. వర్చువల్ మెషిన్‌లో 7 పెట్టు, మొదటిసారి పేరు అడిగే స్క్రీన్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్3 నొక్కితే ఆడిట్ మోడ్‌లోకి వెళ్తుంది. అక్కడ అప్‌డేట్లు, డాట్‌నెట్, కావాల్సిన సాఫ్ట్‌వేర్ అన్నీ మామూలుగా ఇన్‌స్టాల్ చేసెయ్, సిస్‌ప్రెప్ అనే విండోస్ టూల్‌లో జనరలైజ్ (ఆ మెషిన్ గుర్తులు చెరిపేసేది) టిక్ పెట్టి షట్‌డౌన్ చెయ్, విన్‌పీఈ అనే చిన్న విండోస్‌తో బూట్ చేసి ఆ డ్రైవ్‌ని విమ్‌గా క్యాప్చర్ చెయ్. ఆ విమ్‌ని పాత ఇన్‌స్టాల్.విమ్ ప్లేస్‌లో పెట్టు. ఏది ముందు ఏది వెనక అన్న టెన్షన్ లేదు, తప్పుంటే కళ్ల ముందే తెలుస్తుంది. డాట్‌నెట్ 4.8 కూడా లోపలే వచ్చేస్తుంది, డిస్మ్‌తో అది జన్మలో రాదు.

ఇమేజ్_మేస్త్రి:

సుబ్బు చెప్పింది పని చేస్తుంది, కాదనను. ఆఫీసులో ముప్పై మెషిన్లకి ఒకే సెట్ సాఫ్ట్‌వేర్ కావాలంటే నేనూ అదే చేస్తాను. కానీ రెండు మెషిన్లకి అది బరువు. క్యాప్చర్ చేసిన ఇమేజ్‌లో తాత్కాలిక ఫైళ్లు, లాగ్‌లు, వర్చువల్ మెషిన్ టూల్స్ పెట్టి ఉంటే వాటి అవశేషాలు, అన్నీ మోసుకొస్తుంది. 7లో జనరలైజ్‌కి మూడుసార్ల పరిమితి కూడా ఉంది, సిస్‌ప్రెప్‌కి ముందు స్నాప్‌షాట్ తీసుకోకుండా మొదలుపెడితే ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కుంటాం. డిస్మ్ దారిలో ఇమేజ్ ఒక్కసారి కూడా బూట్ అవదు కాబట్టి డీవీడీలో ఎంత శుభ్రంగా ఉందో అంతే శుభ్రంగా ఉంటుంది.

డాట్‌నెట్‌కి ఆడిట్ మోడ్ దాకా వెళ్లక్కర్లేదు. సోర్సెస్ ఫోల్డర్‌లో డాలర్ గుర్తుల మధ్య ఓఈఎమ్ అని పేరు పెట్టి ఒక ఫోల్డర్, దాని లోపల రెండు డాలర్ గుర్తులే పేరుగా ఇంకో ఫోల్డర్, అందులో సెటప్, అందులో స్క్రిప్ట్స్, అక్కడ సెటప్‌కంప్లీట్ అనే సీఎండీ ఫైల్. ఇన్‌స్టాలేషన్ ముగిసి లాగిన్ స్క్రీన్ వచ్చే ముందు విండోస్ దాన్ని తనంతట తానే నడుపుతుంది. డాట్‌నెట్ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ని పక్కనే పెట్టి, క్వైట్, నోరీస్టార్ట్ స్విచ్‌లతో ఒక్క లైన్ రాస్తే సరిపోతుంది.

పాతడిస్క్:

అందరికీ థ్యాంక్స్, డిస్మ్ దారిలోనే వెళ్తున్నా. ఎక్స్‌పోర్ట్ చేసిన ఇన్‌స్టాల్.విమ్‌లోకి ఆరు ఫైళ్లూ ఎక్కాయి. కానీ రెండు చోట్ల ఆగాను. బూట్.విమ్ మౌంట్ చేయబోతే "ఈ ఇమేజ్‌ని మౌంట్ చేసి మార్చడానికి మీకు అనుమతి లేదు" అంటోంది, కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గానే తెరిచాను. రెండోది, ఇన్‌స్టాల్.విమ్ కమిట్ ఇచ్చి అన్‌మౌంట్ చేస్తే మొదటి గీత నూరు శాతం వరకు వచ్చింది, తర్వాత "డైరెక్టరీ పూర్తిగా అన్‌మౌంట్ కాలేదు" అని ఎర్రర్. మౌంట్ ఫోల్డర్ డిలీట్ కూడా అవట్లేదు. చేసిందంతా పోయినట్టేనా?

నీలితెర:

ఏం పోలేదు. మొదటిదానికి కారణం డీవీడీ నుంచి కాపీ చేసిన ఫైలుకి రీడ్-ఓన్లీ గుర్తు అలాగే ఉండిపోవడం. బూట్.విమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రీడ్-ఓన్లీ టిక్ తీసేయండి. ఇన్‌స్టాల్.విమ్‌కి ఈ బాధ రాలేదంటే అది ఎక్స్‌పోర్ట్‌లో కొత్తగా పుట్టిన ఫైల్ కాబట్టి.

రెండోదానికి, మౌంట్ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉందేమో చూడండి, లేదా కమాండ్ ప్రాంప్ట్ ఆ ఫోల్డర్ లోపలే నిలబడి ఉందేమో. ఒక్కోసారి యాంటీవైరస్ లోపలి ఫైళ్లు స్కాన్ చేస్తూ పట్టుకుని ఉంటుంది. సేవ్ చేసే గీత నూరుకి వచ్చిందన్నారు కదా, మార్పులు విమ్‌లోకి చేరిపోయాయి, మిగిలింది ఫోల్డర్ ఖాళీ చేయడమే. అన్నీ మూసేసి ఈసారి డిస్కార్డ్‌తో అన్‌మౌంట్ ఇవ్వండి. అప్పటికీ మొండికేస్తే రీస్టార్ట్ చేసి క్లీనప్-విమ్ ఇవ్వండి. చేత్తో మాత్రం డిలీట్ చేయకండి, సగం చెరిగి సగం మిగిలి ఇంకా పెద్ద చిక్కవుతుంది.

ఇమేజ్_మేస్త్రి:

అన్‌మౌంట్ అయ్యాక ఇన్‌స్టాల్.విమ్‌ని ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేయండి, కంప్రెస్ మ్యాక్స్ పెట్టి. అప్‌డేట్లు ఎక్కించాక ఫైల్ లోపల పాత ముక్కలు మిగిలిపోయి లావెక్కుతుంది, ఎక్స్‌పోర్ట్‌లో అవి రాలిపోతాయి. ఒకే ఎడిషన్ కాబట్టి ఫ్యాట్32కి ఉన్న 4 జీబీ హద్దు దాటకపోవచ్చు, దాటితే రూఫస్‌లో (బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ఉచిత టూల్, బయటిది ఇదొక్కటే) ఎన్‌టీఎఫ్ఎస్ ఎంచుకోండి.

పెన్‌డ్రైవ్ కోసం కొత్త ఐఎస్ఓ (డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) తయారు చేయాల్సిన పని లేదు. అసలు డీవీడీ ఐఎస్ఓనే రూఫస్‌తో పెన్‌డ్రైవ్ మీద రాసి, సోర్సెస్‌లో ఉన్న రెండు విమ్‌లనీ మీ విమ్‌లతో మార్చేయండి, ఓఈఎమ్ ఫోల్డర్ పెట్టుకుంటే అదీ అక్కడే. 7 డీవీడీలో యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) బూట్‌కి కావాల్సిన ఫైల్ సరైన చోట ఉండదు, రూఫస్ దాన్ని ఇన్‌స్టాల్.విమ్ నుంచి తీసి సర్దుతుంది, అందుకే దాన్ని వాడమంటున్నా. అయినా 100 సిరీస్ బోర్డులో సీఎస్ఎమ్ (పాత బయోస్ పద్ధతిని అనుమతించే సెట్టింగ్) ఆన్ చేసి, సెక్యూర్ బూట్ ఆపి పాత బయోస్ పద్ధతిలో పెట్టుకోవడమే నయం. సీఎస్ఎమ్ లేకుండా 7 లోగో దగ్గరే బిగుసుకుపోవడం మామూలు. డీవీడీ కూడా కావాలంటే మైక్రోసాఫ్ట్ ఏడీకే టూల్స్‌లో ఐఎస్ఓ తయారుచేసే ఓఎస్‌సీడీఐఎంజీ ఉంటుంది, కానీ పాత మెషిన్ కూడా పెన్‌డ్రైవ్‌తో బూట్ అవుతుంది కదా.

అసలు మెషిన్ మీద పెట్టే ముందు వర్చువల్ మెషిన్‌లో ఒకసారి చివరిదాకా ఇన్‌స్టాల్ చేసి చూడండి.

సేఫ్‌మోడ్_సుబ్బు:

2020 జనవరి తర్వాతి అప్‌డేట్లు కూడా కేటలాగ్‌లో కనిపిస్తాయి, ఆశపడి వాటిని కలపొద్దు బ్రో. అవి డబ్బు కట్టి ఈఎస్‌యూ (సపోర్ట్ ముగిశాక అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం) తీసుకున్న సంస్థల కోసం, 2023 జనవరి దాకా వచ్చాయి. ఆ లైసెన్స్ లేకపోతే రీస్టార్ట్ దగ్గర "మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం" అంటూ కూర్చుంటుంది. స్కానింగ్ మెషిన్‌కి నెట్ కేబుల్ పీకేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకో. ఆ ఆరూ పెట్టినా ఇది సపోర్ట్ పోయిన ఓఎస్సే.

పాతడిస్క్:

వర్చువల్ మెషిన్‌లో సాఫీగా అయింది, తర్వాత రెండు మెషిన్లలోనూ అయింది. కొత్త బోర్డులో మొదటి స్క్రీన్‌లోనే మౌస్ కదిలింది. స్కానర్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, స్కానర్ గుర్తుపట్టింది. కేబుల్ పీకేశాను సుబ్బు గారూ.

ఒక్క వింత మాత్రం మిగిలింది. డెస్క్‌టాప్ బొమ్మ పెట్టి స్ట్రెచ్ ఎంచుకుంటే తెర మొత్తం నల్లగా అయిపోతోంది. ఫిల్ పెడితే బాగానే వస్తోంది. గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్యా?

ఇమేజ్_మేస్త్రి:

డ్రైవర్ కాదు. కేబీ 4534310 తెచ్చిన లోపమే అది, ఆఖరి ఉచిత రోలప్‌లోనే వాల్‌పేపర్ స్ట్రెచ్ చెడగొట్టారు. దాన్ని సరిచేయడానికి సపోర్ట్ ముగిశాక కూడా అందరికీ కేబీ 4539602 వదలాల్సి వచ్చింది. కేటలాగ్‌లో ఉంది, ఎక్స్64 ఫైల్ దింపి రెండు మెషిన్లలో డబుల్ క్లిక్ చేసి పెట్టేయండి. పెన్‌డ్రైవ్ దాచుకునే ఉద్దేశం ఉంటే ఇన్‌స్టాల్.విమ్ మళ్లీ మౌంట్ చేసి ఏడోదిగా దీన్నీ ఎక్కించండి, 4534310 తర్వాతే.